పండగ పూట గుమ్మం బయట ఎవరు?

డిసెంబరు రాగానే ప్రపంచమంతా కొన్ని నవలలను మళ్లీ చేతిలోకి తీసుకుంటుంది. చార్లెస్ డికెన్స్ నుంచి క్లెయిర్ కీగన్ దాకా వాటిలో నిలిచినవన్నీ పాఠకుణ్ణి ఒకటే అడుగుతాయి: మన ఇంట్లో దీపాలు వెలిగిన రాత్రి, చలిలో మిగిలిపోయింది ఎవరు?

క్రిస్మస్ నెల వచ్చిందంటే మన ఊళ్లలో చర్చిల ముందు వెదురు బద్దలతో స్టార్ కట్టేస్తారు. సాయంత్రాలు క్యారల్స్ బృందాలు ఇంటింటికీ తిరుగుతాయి. సండేస్కూలు పిల్లలు నాటకానికి రిహార్సల్స్ మొదలుపెడతారు. ఆ నాటకంలో దేవదూతలకు తెల్ల గౌన్లు, తూర్పు దేశపు జ్ఞానులకు అట్ట కిరీటాలు, గొర్రెల కాపరులకు తలపాగాలు ఉంటాయి. సత్రం యజమాని వేషం వేసే పిల్లాడికి మాత్రం పెద్దగా అలంకారం ఉండదు. నిండు చూలాలితో వచ్చిన వడ్రంగికి చోటు లేదని చెప్పి తలుపు వేసేయడమే అతని పని. కథంతా ఆ మూసిన తలుపు మీదే నడిచింది. ఆ తలుపు తెరుచుకుని ఉంటే పశువుల పాక లేదు, పశువుల తొట్టీ లేదు.

ఈ కాలంలో జనం ఏటేటా ఇష్టంగా చదువుకునే నవలలను వరసగా పెట్టుకుని చూడండి. పైకి మంచు, కేకు, కొవ్వొత్తులు, చుట్టాలు కనిపిస్తారు. కొంచెం లోపలికి వెళితే ఆకలితోనో చలితోనో వణికే మనిషి ఒకరు ఎదురవుతారు. లోపలున్నవాళ్లు ఆ మనిషిని చూశారా, చూసీ చూడనట్టు ఊరుకున్నారా అన్నదే కథ. మతంతో పని లేకుండా ఇవి అందరినీ పట్టుకునేది అందుకే. గుమ్మంలోకి వచ్చిన వాళ్లకు పెట్టకుండా పండగ పూట తినకూడదని మన ఇళ్లలోనూ పెద్దవాళ్లు చెబుతూనే వచ్చారు. ఈ పండగకు చదవడానికి అలాంటి నవలలు కొన్ని ఇవి.

జీతంలో మూడో వంతు

క్రిస్మస్ నవల అనగానే ముందు తలుచుకునేది డికెన్స్ రాసిన ‘ఎ క్రిస్మస్ క్యారల్’. తెన్నేటి సూరి ‘రెండు మహానగరాలు’ ద్వారా డికెన్స్‌ను తెలుగులో చదువుకున్నవాళ్లకు ఆయన కోపం ఎలాంటిదో తెలుసు. ‘క్యారల్’ కూడా ఆ కోపంలోంచి పుట్టిందే.

1843లో డికెన్స్‌కు 31 ఏళ్లు. పేరు వచ్చింది గానీ డబ్బు నిలవడం లేదు. సీరియల్‌గా నడుస్తున్న ‘మార్టిన్ చజిల్‌విట్’ అనుకున్నంతగా అమ్ముడుపోవడం లేదు. ఇంట్లో అయిదో కాన్పు దగ్గరపడుతోంది. ఆ ఏడాదే పసిపిల్లల చేత ఎంత గొడ్డుచాకిరీ చేయిస్తున్నారో బయటపెడుతూ ప్రభుత్వ కమిషన్ నివేదిక వచ్చింది. అది చదివి కలత చెందిన డికెన్స్, పేదవాడి బిడ్డ తరఫున ఇంగ్లండు ప్రజలకు విన్నపంగా ఒక కరపత్రం రాయాలనుకున్నాడు. కొద్ది రోజుల్లోనే ఆ ఆలోచన మానుకుని, అంతకన్నా ఎన్నో రెట్లు గట్టిగా తగిలేది రాస్తానని ఒక పరిచయస్తుడికి ఉత్తరం రాశాడు.

సెప్టెంబరులో లండన్‌లోని ఫీల్డ్ లేన్ పాఠశాలకు వెళ్లాడు. ఒంటి మీద చిరుగు గుడ్డలు తప్ప ఏమీ లేని పిల్లలకు ఉచితంగా అక్షరాలు నేర్పే చోటు అది. అక్టోబరు మొదట్లో మాంచెస్టర్ వెళ్లి, శ్రామికులకు చదువు ఎందుకు కావాలో సభలో మాట్లాడాడు. తిరిగొచ్చి ఈ కథ పట్టుకున్నాడు. ఊరు నిద్రపోయాక లండన్ వీధుల్లో పదిహేను, ఇరవై మైళ్లు నడుస్తూ అల్లుకున్నాడు. ఆరు వారాల్లో పూర్తి చేశాడు. ఆ తొందర వెనక పాత గాయం ఒకటి ఉంది. 1824లో తండ్రి అప్పులపాలై మార్షల్‌సీ జైలుకు వెళ్లినప్పుడు, పన్నెండేళ్ల డికెన్స్ బూటు పాలిష్ ఫ్యాక్టరీలో సీసాలకు లేబుళ్లు అంటించే పనిలో చేరాల్సి వచ్చింది.

డిసెంబరు 19న పుస్తకం వచ్చింది. జాన్ లీచ్ వేసిన రంగుల బొమ్మలు, బంగారు పూత అంచులు. మొదట వేసిన 6,000 ప్రతులు క్రిస్మస్ ముందు రోజుకల్లా అయిపోయాయి. ధర 5 షిల్లింగులు. కథలో పిసినారి వ్యాపారి స్క్రూజ్ దగ్గర గుమాస్తాగా చేసే బాబ్ క్రాచిట్ వారం జీతం 15 షిల్లింగులు. తన గురించి రాసిన పుస్తకం కొనాలంటే క్రాచిట్ వారం జీతంలో మూడో వంతు వదులుకోవాలి. పదేళ్ల తరవాత, 1853 డిసెంబరులో బర్మింగ్‌హామ్ టౌన్‌హాల్లో తొలిసారి జనం ముందు ఈ కథ చదివినప్పుడు, ఒక రాత్రి శ్రామికుల కోసం కేటాయించాలనీ, టికెట్టు వాళ్లు కొనగలిగేలా ఉండాలనీ డికెన్స్ పట్టుబట్టాడు. డిసెంబరు 30న సుమారు 2,500 మంది వచ్చారు. పుస్తకం చేరలేని చోటికి గొంతు చేరింది. 1870 మార్చి 15న లండన్‌లో ఆయన ఇచ్చిన చివరి పఠనంలోనూ ఈ కథే ఉంది. అదే ఏడాది జూన్‌లో కన్నుమూశాడు.

సినిమాలుగా, నాటకాలుగా చూసీ చూసీ మనకు కుంటుతూ నడిచే క్రాచిట్ కొడుకు చిన్నారి టిమ్ గుర్తుండిపోయాడు. ఈసారి చదివేటప్పుడు మూడో భాగం చివర కాసేపు ఆగండి. స్క్రూజ్‌ను ఇల్లిల్లూ తిప్పి పండగ చూపించిన ఆత్మ, ఆఖరున తన అంగీ మడతల్లోంచి ఇద్దరు పిల్లల్ని బయటికి తీస్తుంది. ఎముకల గూళ్లలా ఉన్న ఆ పిల్లల్లో ఒకరి పేరు అజ్ఞానం, ఇంకొకరి పేరు లేమి. రాయకుండా వదిలేసిన కరపత్రం మొత్తం ఆ ఒక్క పేజీలో ఉంది. స్క్రూజ్ మారిన తరవాత చేసే పనులు కూడా గమనించండి. గుమాస్తా జీతం పెంచుతాడు. గడ్డకట్టే గదిలో మంట రాజేయమని, ఇంకో బొగ్గు తట్ట కొనుక్కు రమ్మని చెబుతాడు. పశ్చాత్తాపం ఎదుటివాడి కంచంలోనూ కుంపట్లోనూ కనపడాలన్నది డికెన్స్ పట్టుదల.

దొంగిలించిన పండగ భోజనం

డికెన్స్ మరో నవల ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ను ఎవరూ క్రిస్మస్ జాబితాలో చేర్చరు. నేను దాన్ని తప్పకుండా చేరుస్తాను. 1860 డిసెంబరు 1న డికెన్స్ తన సొంత వారపత్రికలో మొదలుపెట్టిన ఈ నవల క్రిస్మస్ ముందు రోజు సాయంత్రమే తెరుచుకుంటుంది. బురద నేలల మధ్య ఓ చర్చి ఆవరణలో, తల్లిదండ్రుల సమాధుల దగ్గర పిప్ అనే అనాథ పిల్లాడు నిలబడి ఉంటాడు. జైలు ఓడ నుంచి పారిపోయిన ఖైదీ, కాలికి ఇనుప సంకెలతో, సమాధుల మధ్య నుంచి లేచి వాడి మెడ పట్టుకుంటాడు. సంకెల కోయడానికి ఆకురాయి కావాలి, తినడానికి తిండి కావాలి.

తెల్లవారేలోపు పిప్ అక్క వంటింట్లోంచి పండగ కోసం దాచిన మాంసపు వంటకం ఎత్తుకుపోయి అతనికి పెడతాడు. మధ్యాహ్నం విందులో పెద్దలంతా చేరి, అనాథ పిల్లలు ఎంత కృతజ్ఞతతో ఉండాలో పిప్‌కు నీతులు చెబుతారు. నోరెత్తే ధైర్యం లేని బావ, కమ్మరి జో, నీతిబోధ జరిగినప్పుడల్లా వాడి పళ్లెంలో ఇంకాస్త గ్రేవీ పోస్తాడు. ఓదార్పుకు అంతకన్నా మంచి దృశ్యం నేను చదవలేదు. ఆ తరవాత సిపాయిలు ఖైదీని పట్టుకుంటారు. కమ్మరి ఇంట్లో ఆ వంటకం దొంగిలించింది తానేనని అతను ఒప్పుకుని పిల్లాణ్ణి కాపాడతాడు. తిన్నందుకు మాకేమీ బాధ లేదు, నువ్వు ఏ తప్పు చేసినా ఆకలితో చచ్చిపోవాలని కోరుకోం అన్నట్టు జో జవాబిస్తాడు. కమ్మరి కొలిమి దగ్గర బతికే చదువు రాని మనిషికి తెలిసిన ఈ సంగతి ఆ బల్ల దగ్గరి పెద్దమనుషులు ఎవరికీ తెలియదు. తరవాత వందల పేజీల నవల అంతా ఆ ఒక్క పూట తిండి చుట్టూ తిరుగుతుంది.

వడ్డించినవి పట్టుకెళ్లి ఇచ్చేసి

అట్లాంటిక్‌కు అవతల 1868లో వచ్చిన ‘లిటిల్ విమెన్’ కూడా క్రిస్మస్ కబుర్లతోనే మొదలవుతుంది. మసాచుసెట్స్ రాష్ట్రంలో మార్చ్ కుటుంబం. తండ్రి అంతర్యుద్ధంలో సైనికులకు పాదిరిగా వెళ్లాడు. మెగ్, జో, బెత్, ఏమీ అనే నలుగురు అక్కచెల్లెళ్లు ఈసారి బహుమతులు లేవని బాధపడుతూ ఉంటారు. పండగ పొద్దున తల్లి ఇంటికొచ్చి, దగ్గర్లో హమెల్స్ అనే జర్మన్ వలస కుటుంబం గురించి చెబుతుంది. మంచాన పడిన తల్లి, ఒడిలో పసికందు, మంట లేని గదిలో ఒకే మంచం మీద ముడుచుకున్న ఆరుగురు పిల్లలు. మీ ఫలహారం వాళ్లకిస్తారా అని అడుగుతుంది. గంటసేపటి నుంచి ఆకలితో కాచుకున్న పిల్లలు ఒక్క క్షణం మాట్లాడరు. ఆ తరవాత వడ్డించినవన్నీ మూతపెట్టుకుని వీధి వెంట నడుస్తారు.

ఈ అధ్యాయాన్ని పిల్లల నీతికథగా చదివి వదిలేయడం తేలిక. రచయిత్రి లూయిసా మే ఆల్కాట్ అక్కడితో ఆపలేదు. కొన్ని నెలల తరవాత తల్లి ఊళ్లో లేనప్పుడు ఆ హమెల్స్ ఇంటికి వెళ్లివస్తున్నది బెత్ ఒక్కతే. మిగతా ముగ్గురికీ ఏదో ఒక పని అడ్డొస్తుంది. అక్కడి పసిబిడ్డ నుంచి బెత్‌కు స్కార్లెట్ జ్వరం అంటుకుంటుంది. అప్పటికి గండం గడిచినా ఆ పిల్ల మళ్లీ పూర్తిగా కోలుకోదు. ఇది రచయిత్రి ఇంట్లో జరిగిందే. 1856లో ఓ పేద కుటుంబానికి సాయం చేస్తూండగా ఆల్కాట్ చెల్లెలు ఎలిజబెత్‌కు ఇదే జ్వరం వచ్చింది, 1858లో చనిపోయింది. ఆల్కాట్ కూడా 1862 డిసెంబరులో వాషింగ్టన్‌కు వెళ్లి యుద్ధంలో గాయపడిన సైనికులకు నర్సుగా సేవ చేసి, టైఫాయిడ్‌తో చావు అంచుల దాకా వెళ్లి ఇల్లు చేరింది. ఒక పూట ఫలహారం ఇవ్వడం పండగ. ఆ గుమ్మానికి రోజూ వెళ్లడం వేరే సంగతి. దాని ఖరీదు ఎంతో రచయిత్రికి తెలుసు, అందుకే దాచకుండా రాసింది.

ఆడపిల్లల కోసం నవల రాయమని ప్రచురణకర్త అడిగితే ఆల్కాట్ అయిష్టంగానే ఒప్పుకుంది. మొదటి భాగం ఒక క్రిస్మస్‌తో మొదలై, తండ్రి ఇల్లు చేరే మరుసటి క్రిస్మస్ దాకా నడుస్తుంది. ఇంట్లో పన్నెండేళ్లు దాటిన పిల్లలుంటే సెలవుల్లో చేతికివ్వాల్సిన పుస్తకం ఇది. మగపిల్లలకు కూడా.

మంచులో మిగిలిపోయిన గొర్రెలు

పండగను పుస్తకాలతో ముడివేసుకున్న దేశం ఏదంటే ఐస్‌లాండ్ పేరే చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో దిగుమతుల మీద ఆంక్షలున్నా కాగితం మిగతా సరుకుల కన్నా సులువుగా దొరికేది. దాంతో పుస్తకమే పండగ కానుక అయింది. 1944 నుంచి ఆ ఏటి కొత్త పుస్తకాల జాబితా ముద్రించి ఇంటింటికీ పంపే అలవాటు వచ్చింది. పండగ ముందు నెలల్లో అచ్చయ్యే పుస్తకాల వెల్లువను వాళ్లు పుస్తకాల వరద అనే పిలుచుకుంటారు. క్రిస్మస్ ముందు రాత్రి కానుకలు విప్పి, చదువుతూ పడుకుంటారు.

ఆ దేశపు రచయిత గున్నార్ గున్నార్సన్ 1936లో ప్రచురించిన చిన్న నవల ‘అడ్వెంట్’. ఇంగ్లీషులో ‘ది గుడ్ షెపర్డ్’ పేరుతో 1940లో వచ్చింది. బెనెడిక్ట్ అనే పాలేరు క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలపు మొదటి ఆదివారం కొండల్లోకి బయలుదేరతాడు. వెంట లియో అనే కుక్క, ఎయిటిల్ అనే పొట్టేలు. శరదృతువులో మందలను కిందికి తోలుకొచ్చినప్పుడు దొరక్కుండా పైనే ఉండిపోయిన గొర్రెలను వెతికి తేవడం అతను ఏటా తనకు తాను పెట్టుకున్న పని. ఆ గొర్రెలు అతనివి కావు. ఎవరూ అతనికి కూలి ఇవ్వరు. 1925 డిసెంబరులో ఉత్తర ఐస్‌లాండ్ కొండల్లో నిజంగా జరిగిన ప్రయాణం దీనికి ఆధారం.

నవలలో పెద్దగా ఏమీ జరగదు. గాలి, మంచు, నేలలో తవ్వుకున్న చిన్న గుడిసె, అయిపోతున్న కాఫీ, ముందుకు నడిచే మనిషి. ఆ నడకలో అతనికి అడ్డుపడేది తుపాను మాత్రమే కాదు. దారిలో కలిసినవాళ్లు తమ గొర్రెలనూ వెతికిపెట్టమని అతని మంచితనాన్ని వాడుకుంటారు, అతని తిండీ సమయమూ ఖర్చయిపోతాయి. అతను కాదనలేడు. మన పల్లెల్లో గొడ్డు తప్పిపోతే రాత్రంతా లాంతరు పట్టుకుని తిరిగినవాళ్లకు ఈ మనిషి వెంటనే అర్థమవుతాడు. ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోయే పుస్తకం ఇది.

అందరూ లోపలే ఉన్న ఇల్లు

పండగంటే చుట్టాలు, చుట్టాలంటే పాత లెక్కలు. అగాథా క్రిస్టీకి ఇది బాగా తెలుసు. ఏటా క్రిస్మస్‌కు ఒక క్రిస్టీ నవల అన్నది ఆమె ప్రచురణకర్తలకు అమ్మకాల మంత్రం. 1938లో వచ్చిన ‘హెర్క్యూల్ పోయిరోస్ క్రిస్మస్’ డిసెంబరు 22న మొదలై తేదీల వారీగా నడుస్తుంది. దక్షిణాఫ్రికా వజ్రాలతో కోటీశ్వరుడైన సిమియన్ లీ అనే ముసలాయన ఎన్నేళ్లుగానో దూరమైన కొడుకుల్ని పండక్కి పిలుస్తాడు. పిలిచింది ప్రేమతో కాదు, వాళ్లు కొట్టుకుంటుంటే చూడడానికి. క్రిస్మస్ ముందు రాత్రి లోపల గడియ పెట్టిన గదిలో అతను రక్తపు మడుగులో కనిపిస్తాడు.

దీన్ని ఉత్కంఠ కోసం చదవండి, అందులో తప్పేమీ లేదు. అయితే ఈ జాబితాలో దీనికి చోటు దక్కింది మరో కారణానికి. అందరికీ చోటున్న పెద్ద ఇల్లు, నిండుగా వడ్డించిన బల్ల ఉన్నా, అక్కడ ఎవరూ ఎవరినీ నిజంగా లోపలికి రానివ్వలేదు. కలిసి తినాలన్న మొహమాటం మనుషుల మీద ఎంత బరువు పెడుతుందో, ఆ ఒత్తిడిలో పాత గాయాలు ఎలా రేగుతాయో డిటెక్టివ్ పోయిరో ఓ చోట విడమరచి చెబుతాడు. ఆస్తి పంపకాల పండగలు చూసిన ఏ తెలుగు ఇంటికైనా ఆ మాటలు తగులుతాయి.

పిల్లలకు చదివి వినిపించేందుకు

సీ.ఎస్. లూయిస్ 1950లో ప్రచురించిన ‘ది లయన్, ది విచ్ అండ్ ది వార్డ్‌రోబ్’ బాంబుదాడులకు భయపడి లండన్ నుంచి పల్లెకు పంపిన నలుగురు పిల్లల కథ. బట్టల బీరువా గుండా వాళ్లు చేరుకునే నార్నియా దేశంలో మంత్రగత్తె శాపం వల్ల చలికాలం వీడదు, పండగ రాదు. చివరకు క్రిస్మస్ తాత వచ్చి పిల్లలకు కానుకలిస్తాడు. ఆ సమయానికి ఎడ్మండ్ అక్కడ లేడు. మిఠాయికి ఆశపడి తోబుట్టువులను మోసం చేసి మంత్రగత్తె దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ ఒక్కణ్ణి వెనక్కి తెచ్చుకోవడానికి మిగతావాళ్లు ఏం చేశారన్నది పిల్లలతో మాట్లాడదగ్గ విషయం.

‘సోఫీస్ వరల్డ్’ రాసిన నార్వే రచయిత యొస్టైన్ గార్డర్ 1992లో ‘ది క్రిస్మస్ మిస్టరీ’ రాశాడు. ఇందులో 24 అధ్యాయాలు. డిసెంబరు 1 నుంచి రోజుకు ఒకటి చొప్పున క్రిస్మస్ ముందు రోజుకు పూర్తవుతాయి. యోకిమ్ అనే పిల్లాడు ఓ పాత క్యాలెండరులో రోజుకో కిటికీ తెరుస్తాడు, ఒక్కో కిటికీలో ఒక్కో కాగితం ముక్క. నార్వే నుంచి బేత్లెహేము దాకా, కాలంలో వెనక్కి నడిచే యాత్ర ఆ ముక్కల్లో ఉంటుంది. రాత్రి భోజనాలయ్యాక రోజుకో అధ్యాయం చదివి వినిపిస్తే పిల్లలకు నెలంతా ఎదురుచూపే.

బొగ్గు గది గడియ

ఈ మధ్యకాలపు క్రిస్మస్ నవలల్లో ఒక్కటే చదవాలంటే ఐర్లండ్ రచయిత్రి క్లెయిర్ కీగన్ 2021లో రాసిన ‘స్మాల్ థింగ్స్ లైక్ దీజ్’ చదవండి. నూట ఇరవై పేజీలు కూడా లేని ఈ పుస్తకం 2022లో బుకర్ తుది జాబితాకు చేరింది, ఆ ఏడాదే రాజకీయ నవలకు ఇచ్చే ఆర్వెల్ బహుమతి అందుకుంది. కిలియన్ మర్ఫీ నటించిన సినిమా 2024లో బెర్లిన్ చిత్రోత్సవాన్ని ప్రారంభించింది.

1985, వెక్స్‌ఫర్డ్ కౌంటీలోని న్యూ రాస్ పట్టణం. క్రిస్మస్‌కు కొన్ని వారాల ముందు. ఫ్యాక్టరీలు మూతపడుతున్నాయి, కుర్రాళ్లు దేశం వదిలిపోతున్నారు. బిల్ ఫర్లాంగ్ బొగ్గు, కట్టెల వ్యాపారి. భార్య ఐలీన్, అయిదుగురు ఆడపిల్లలు. అప్పు లేకుండా నెల గడిస్తే చాలనుకునే మనిషి. ఒకరోజు తెల్లవారుజామున కాన్వెంటుకు బొగ్గు వేయడానికి వెళ్లి బొగ్గు గది గడియ తీస్తే, లోపల రాత్రంతా చలిలో మగ్గిన అమ్మాయి కనిపిస్తుంది. తన పసిబిడ్డ గురించి అడుగుతుంది.

ఈ కల్పన వెనక నిజం చాలా పెద్దది. పెళ్లికాకుండా తల్లులైనవాళ్లనీ, దిక్కులేని ఆడపిల్లల్నీ మఠాలు నడిపే మాగ్డలిన్ లాండ్రీల్లో పెట్టి, జీతం లేకుండా బట్టలు ఉతికించారు. 1922 నుంచి లెక్కేసినా సుమారు 10,000 మంది ఆ గోడల వెనక పనిచేశారు. చివరి లాండ్రీ 1996లో మూతపడింది. 2013 ఫిబ్రవరి 19న ఐర్లండ్ ప్రధాని ఎండా కెన్నీ పార్లమెంటులో ఆ స్త్రీలకు క్షమాపణ చెప్పాడు. ఇదంతా ఊరికి దూరంగా అడవిలో జరిగింది కాదు. పక్కనే బడి, ఎదురుగా అంగళ్లు. అందరికీ కొంత తెలుసు, ఎవరూ పూర్తిగా తెలుసుకోదల్చుకోలేదు. మన జోలికి రానిదాంట్లో మనమెందుకు అంటుంది ఐలీన్. ఆడపిల్లలకు మంచి బడి కావాలంటే సిస్టర్లతో పేచీ వద్దని ఊరివాళ్లు హితవు చెబుతారు. వీళ్లలో ఎవరూ చెడ్డవాళ్లు కాదు. ఈ నవల మనల్ని నిద్రపోనివ్వకపోవడానికి కారణం అదే.

ఫర్లాంగ్ కూడా పెళ్లికాని తల్లికి పుట్టినవాడే. ఆమెను వెళ్లగొట్టకుండా పనిలో ఉంచుకుని, బిడ్డను పెరగనిచ్చింది మిసెస్ విల్సన్ అనే ఇంటి యజమానురాలు. చిన్నప్పుడు ఒక క్రిస్మస్‌కు ఆమె ఫర్లాంగ్‌కు ఇచ్చిన కానుక ‘ఎ క్రిస్మస్ క్యారల్’ పాత ప్రతి. స్క్రూజ్ దగ్గర గుమాస్తాకు దక్కని బొగ్గు, ఇక్కడ నాయకుడి చేతుల్లోనే ఉంది. నూట నలభై ఏళ్ల తరవాత డికెన్స్ ప్రశ్న మరో దేశంలో, మరో వ్యాపారి ముందుకు వచ్చింది. ఫర్లాంగ్ ఏం చేశాడో మీరే చదవాలి.

మన ఊరి బయట

తెలుగులో క్రిస్మస్ నవల అని పేరుపడ్డది వెంటనే తట్టకపోవచ్చు. కానీ ఈ కాలంలో చదవాల్సిన తెలుగు నవల ఒకటుంది. జి. కల్యాణరావు ‘అంటరాని వసంతం’. 2000లో వచ్చింది. ‘అన్‌టచబుల్ స్ప్రింగ్’ పేరుతో అల్లాడి ఉమ, ఎం. శ్రీధర్ ఇంగ్లీషులోకి తెచ్చారు. రూతు అనే స్త్రీ జ్ఞాపకాల వెంట నడుస్తూ, ఎన్నెలదిన్ని గ్రామపు ఎల్లన్న నుంచి తరతరాల దళిత కుటుంబ కథ చెబుతుంది. కరువు తరిమితే ఆ కుటుంబంలోని శివయ్య, శశిరేఖ పని వెతుక్కుంటూ బకింగ్‌హామ్ కాలువ తవ్వే చోటికి వెళతారు. అక్కడా కులం అడ్డు నిలుస్తుంది. ఆకలితో చచ్చేవాళ్లలో కూడా అంటు పాటించే మనుషుల మధ్య నుంచి శివయ్య మతం మారి సీమోను అయ్యే దారి మొదలవుతుంది.

ఈ కథ చరిత్ర మీద నిలబడింది. 1876-78 నాటి ధాత కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి పని ఇచ్చాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపాడు. ఆ తరవాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన మెదక్ కెథడ్రల్ కూడా కరువుపడ్డ జనానికి పని, తిండి చూపిస్తూ లేచిన కట్టడమే. తెలుగునాట క్రిస్మస్ స్టార్ ఎక్కువగా ఊరి చివర పేటల్లో ఎందుకు వెలుగుతుందో ఈ చరిత్రే చెబుతుంది. మిగతా నవలల్లో లోపలివాళ్లు బయటివాళ్లను చూస్తారు. ‘అంటరాని వసంతం’లో బయటికి నెట్టబడ్డవాళ్లే కథ చెబుతారు. మతం మారినా కులం వెంటాడిన సంగతిని కూడా నవల వదిలిపెట్టదు. డికెన్స్ పక్కన దీన్ని పెట్టి చదివితే రెండూ మరింత పదునుగా కనిపిస్తాయి.

సెలవులకు ఒక వరస

సమయం తక్కువైతే మొదటి రోజు ‘క్యారల్’, రెండో రోజు ‘స్మాల్ థింగ్స్ లైక్ దీజ్’ చదవండి. ఒకదానికి ఒకటి జవాబు చెబుతాయి. మూడో సాయంత్రం ‘అడ్వెంట్’. వారం దొరికితే ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ మొదటి ఆరు అధ్యాయాలు చదవండి, మిగతా నవల మిమ్మల్నే లాక్కుపోతుంది. ‘లిటిల్ విమెన్’, ‘అంటరాని వసంతం’ సంక్రాంతి సెలవుల దాకా నిదానంగా సాగనివ్వండి. ‘క్యారల్’ను మాత్రం పైకి చదవండి. డికెన్స్ పదిహేడేళ్లు జనానికి చదివి వినిపించిన కథ అది, ఇంగ్లీషులో చదువుతూ తెలుగులో చెప్పినా రాత్రి భోజనాల తరవాత రెండు మూడు విడతల్లో అయిపోతుంది.

ఈ నవలల్లో మనుషులు మంచిగా అనుకుని ఊరుకోరు. ఏదో ఒకటి చేస్తారు. పళ్లేలు పట్టుకెళతారు, గ్రేవీ పోస్తారు, కొండెక్కుతారు, గడియ తీస్తారు. మన అపార్టుమెంటు వాచ్‌మన్, ఇంట్లో అంట్లు తోమే ఆమె, పండగ రాత్రి కేకు తెచ్చిచ్చే డెలివరీ కుర్రాడు మన గుమ్మానికి రోజూ వచ్చేవాళ్లే. స్క్రూజ్ పిసినారితనం కథ మొదట్లోనే బయటపడేది గుమాస్తాకు క్రిస్మస్ రోజు జీతంతో కూడిన సెలవు ఇవ్వడానికి గొణుక్కున్నప్పుడు. పుస్తకం మూసేశాక ఆ ఒక్క రోజు సెలవు, జీతం కోయకుండా, మనింట్లో పనిచేసేవాళ్లకు ఇవ్వగలిగితే డికెన్స్‌ను మనం సరిగ్గానే చదివినట్టు.